గిటార్ సెటప్ (తీగల ఎత్తు, శ్రుతి సర్దుకోవడం) మనమే చేసుకోవచ్చా, వైజాగ్ పట్టుకెళ్ళి డబ్బులిచ్చి చేయించుకోవాలా?

కోట_జంక్షన్ (విజయనగరం)

అందరికీ నమస్తే. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్క్వయర్ స్ట్రాట్ (ఫెండర్ వాళ్ళ చవక బ్రాండ్ ఎలక్ట్రిక్ గిటార్) ఉంది. ఎండాకాలం అంతా హాయిగా వాయించుకున్నాను. ఈమధ్య తీగలు తుప్పు పట్టాయని షాపులో మార్పించాను, 9 సెట్ (సన్న తీగలు) లేదని 10 సెట్ (కాస్త లావువి) వేశారు, అదే టైముకి వానలు కూడా పట్టుకున్నాయి. అప్పటి నుంచి అసలు ఇది నా గిటారేనా అన్నట్టుంది.

నెక్ (వేళ్ళతో తీగలు నొక్కే పొడుగు భాగం) మధ్యలో తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి, కానీ 14, 15 ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు) దగ్గర మాత్రం లావు తీగ జుయ్‌మని బజ్ కొడుతోంది. ఓపెన్‌గా శ్రుతి సరిగ్గా పెట్టుకున్నా 12వ ఫ్రెట్ నొక్కితే ట్యూనర్‌లో ఆరు తీగలూ షార్ప్ (ఉండాల్సినదానికంటే ఎక్కువ శ్రుతి) చూపిస్తున్నాయి. ఎఫ్ కార్డ్ పట్టుకుంటే వేళ్ళు నొప్పి, ఆ నొప్పి పడి వాయించినా అపశ్రుతే. జి తీగ ట్యూన్ చేస్తుంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న ముక్క) దగ్గర టిక్కుమని చప్పుడొచ్చి శ్రుతి ఒక్కసారి గెంతుతోంది.

వైజాగ్‌లో ఒకరిని అడిగితే సెటప్‌కి పద్దెనిమిది వందలు అన్నారు, గిటార్ వారం రోజులు వాళ్ళ దగ్గరే ఉంచాలట. ఇక్కడ తెలిసినాయన ఒకరు ట్రస్ రాడ్ (నెక్ వంపు సర్దడానికి దాని లోపల ఉండే లోహపు కడ్డీ) తిప్పితే సరిపోతుందంటారు, ఇంకొకాయన ఆ రాడ్ జోలికి వెళ్ళావంటే నెక్ విరిగిపోతుందంటారు. వీడియోలు చూస్తే ఇంకా కన్ఫ్యూజన్. డబ్బులు కట్టగలను, అది సమస్య కాదు. కానీ తీగలు మార్చిన ప్రతిసారీ, వానాకాలం వచ్చిన ప్రతిసారీ వైజాగ్ మోసుకెళ్ళాలా? నేర్చుకుంటే పనవుతుందా, లేక ఉన్నది కూడా పాడుచేసుకుంటానా? చేసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. 9 తీసి 10 వేశారు అన్నావు చూడు, అక్కడ మొదలైంది అంతా. ఫెండర్ పొడవు నెక్ మీద, అంటే పాతికన్నర అంగుళాల స్కేల్ మీద, 9 సెట్ మొత్తం కలిసి లాగేది ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది కేజీలు. 10 సెట్ అయితే నలభై ఆరు, నలభై ఏడు. షాపువాళ్ళు తీగలు మార్చారు గానీ వెనక స్ప్రింగులు ముట్టుకోలేదు, నెక్ చూడలేదు. నీ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు తగిలించి ఉండే లోహపు భాగం) తాడులాగుడు పందెం లాంటిది, ముందు నుంచి తీగలు లాగుతుంటే వెనక నుంచి స్ప్రింగులు లాగుతుంటాయి. ఒకవైపు ఎనిమిది కేజీలు పెరిగాయి, రెండోవైపు పెరగలేదు. కాబట్టి బ్రిడ్జ్ ముందుకి ఒరిగి వెనక భాగం పైకి లేచి ఉంటుంది. తీగలు ఎత్తెక్కడం, 12 దగ్గర ఆరూ షార్ప్ అవడం, చాలావరకు దీనివల్లే. ఒక తీగ మాత్రమే షార్ప్ అయితే వేరే కథ, ఆరూ ఒకేసారి అయ్యాయంటే బ్రిడ్జ్‌ని అనుమానించాలి. పైగా అదే లాగుడుకి నెక్ కూడా ముందుకి వంగుంటుంది. మధ్యలో ఎత్తు, పై ఫ్రెట్లలో బజ్ అంటే దాని లక్షణమే.

నా మాట అడిగితే నువ్వే చేసుకో. నేను పెళ్ళిళ్ళకీ పండగలకీ ఆర్కెస్ట్రాలో వాయిస్తాను, దసరా తర్వాత పైడితల్లి అమ్మవారి పండక్కి మీ ఊరు కూడా వస్తుంటాను. ఆ సీజన్‌లో గిటార్ వారం రోజులు ఇంకొకరి దగ్గర ఉంచడం కుదరని పని. అసలు ఈ గిటార్‌ని తయారుచేసిందే విప్పుకోవడానికి. లియో ఫెండర్ రేడియోలు రిపేరు చేసుకునే మనిషి, ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1954లో స్ట్రాట్ తెచ్చినప్పుడు నెక్ దగ్గర నుంచి సాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) దాకా అన్నీ స్క్రూలతోనే పెట్టాడు. ట్రస్ రాడ్ అయితే అంతకంటే పాతది, 1920ల్లో గిబ్సన్‌లో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరు మీద పేటెంట్ ఉంది. అది తిప్పడానికే పెట్టిన వస్తువు. కొలవకుండా తిప్పితేనే ప్రమాదం.

వరస మాత్రం తప్పకు. ముందు గిటార్ వెనక ప్లేట్ తీస్తే లోపల స్ప్రింగులు తగిలించిన కొక్కెం ముక్క, దాన్ని పట్టుకుని రెండు పొడుగు స్క్రూలు కనిపిస్తాయి. ముందు భాగంలో బ్రిడ్జ్ వెనక అంచు బాడీ నుంచి ఎంత లేచిందో చూడు. ఫెండర్ చెప్పే లెక్క మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, అంగుళంలో ఎనిమిదో వంతు. అంతకంటే ఎక్కువ లేచి ఉంటే ఆ రెండు స్క్రూలనీ సమానంగా, అర చుట్టు చొప్పున బిగించు. బిగించిన ప్రతిసారీ శ్రుతి మొత్తం పైకి పోతుంది, మళ్ళీ ట్యూన్ చేసి మళ్ళీ చూడు. ఇది విసుగొచ్చే పని, ఓపిక పట్టు. నువ్వు ట్రెమొలో బార్ (బ్రిడ్జ్‌ని కదిపి శ్రుతి ఊగించే కడ్డీ) వాడకపోతే అసలు బ్రిడ్జ్ బాడీకి ఆనుకునేదాకా బిగించేయ్, కావాలంటే ఇంకో స్ప్రింగు తగిలించు. మన పాటల్లో గమకం కోసం తీగ లాగుతాం కదా, తేలే బ్రిడ్జ్ అయితే ఒక తీగ లాగినప్పుడల్లా మిగతావన్నీ కిందికి జారతాయి. ఆనించేస్తే ఆ బాధ ఉండదు. నేను అలాగే పెట్టుకున్నాను.

తర్వాత నెక్. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టు, చివరి ఫ్రెట్ దగ్గర లావు తీగ నొక్కిపట్టు, 8వ ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు కొలువు. పావు మిల్లీమీటర్ ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకుల సెట్టు) ఆకు తీగని కదపకుండా లోపలికి జారితే చాలు. ఎక్కువ ఉంటే రాడ్ బిగించాలి, కుడివైపుకి. ఎనిమిదో వంతు చుట్టు, మహా అయితే పావు. ట్యూన్ చేసి మళ్ళీ కొలువు. గట్టిగా అడ్డుకుంటే అక్కడ ఆగిపో, బలం పెట్టకు. ఇంకో సంగతి, కొలిచేటప్పుడు గిటార్ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టకు, వాయించే పొజిషన్‌లో ఒళ్ళో పెట్టుకుని చూడు, నెక్ బరువుకే కొలత మారుతుంది.

ఆ తర్వాతే సాడిల్ ఎత్తు, కేపో తీసేసి 17వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 1.6 మిల్లీమీటర్లు. ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలో కూడా శ్రుతి కుదిరేలా సర్దడం, ఆఖర్న. 12 మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటడం) వాయించు, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి వాయించు. నొక్కింది షార్ప్ అయితే సాడిల్ వెనక్కి, ఫ్లాట్ అయితే ముందుకి. వేలు మామూలుగా వాయించినంత బలంతోనే పెట్టు, కొలుస్తున్నామని గట్టిగా నొక్కితే ఆ నొక్కుడుకే శ్రుతి పెరుగుతుంది.

వీణల_ఊరు (బొబ్బిలి)

పై అన్నగారు చెప్పిన పద్ధతిలో తప్పు పట్టేది ఏమీ లేదు. కానీ ఒక్కచోట నేను ఒప్పుకోను. గిటార్ సెకండ్ హ్యాండ్‌ది. ముందు ఎవరు ఎంత వాయించారో, ఏ ఫ్రెట్ ఎంత అరిగిందో తెలియదు. ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉంటే ట్రస్ రాడ్, సాడిల్ ఎన్నిసార్లు తిప్పినా బజ్ ఒకచోట పోయి ఇంకోచోట తేలుతుంది. కుర్రాడు తన చేతుల్లోనే లోపం ఉందనుకుని వదిలేస్తాడు, నేను అలా వదిలేసినవాళ్ళని చూశాను, బాధేస్తుంది.

మా పక్కనే గొల్లపల్లి, బొబ్బిలి వీణ పుట్టేది అక్కడే. పనస దుంగని తొలిచి చేస్తారు. కుండ, దండి ఒకటే చెక్క. అక్కడ మెట్లు కట్టేటప్పుడు కూర్చుని చూస్తే ఈ సెటప్ అనేదేమిటో మనసుకి ఎక్కుతుంది. వీణకి ఇరవై నాలుగు మెట్లు, వాటిని మైనంలో నిలబెడతారు. మైనం వేడి చేసి మెత్తగా ఉన్నప్పుడు మెట్టు పెట్టి, తీగ మీటి, చెవితో విని, వెంట్రుకవాసి ఇటో అటో జరిపి, మళ్ళీ మీటి చూస్తారు. ప్రతి మెట్టుకీ అంత పని. కొన్నేళ్ళకి మైనం కుంగితే మళ్ళీ కట్టాలి, అది వాయించేవాళ్ళు ఇంట్లో చేసుకునే పని కాదు, ఆ చెవీ ఆ చెయ్యీ ఉన్నవాళ్ళే చేయాలి. గిటార్‌లో ఫ్రెట్లు చెక్కలోకి దిగ్గొట్టేసి ఉంటాయి, జరపలేం. తీగ నొక్కితే సాగుతుంది, సాగితే శ్రుతి పెరుగుతుంది, ఆ పెరిగినదాన్ని సర్దడానికి మనకి మిగిలిన చోటు సాడిల్ ఒక్కటే. అంటే ఫ్రెట్టే సరిగ్గా లేకపోతే సాడిల్‌తో చేయగలిగేది ఏమీ లేదన్నమాట.

కాబట్టి మొదటిసారి డబ్బులిచ్చి చేయించమంటాను. పద్దెనిమిది వందలు స్క్రూలు తిప్పినందుకు కాదు, ఒక్కో ఫ్రెట్ చూసి ఏది బాగుందో ఏది లేదో చెప్పినందుకు ఇచ్చే డబ్బు. వారం వదిలేసి రానక్కర్లేదు, ముందే మాట్లాడుకుని ఒక పూట పక్కన కూర్చుని చూస్తానని అడుగు. పని తెలిసినవాడు కాదనడు. అయిపోయాక నెక్ సందు ఎంత, 17వ ఫ్రెట్ దగ్గర ఎత్తు ఎంత అని కొలతలు రాయించుకో. ఆ కాగితం గిటార్ కేసులో ఉంచు. తర్వాత వానలకి ఎంత కదిలిందో నీకే తెలుస్తుంది, అప్పుడు నువ్వే వెనక్కి తెచ్చుకోవచ్చు.

వెళ్ళేలోపు ఇంట్లో ఒక పరీక్ష చేసుకో. చిన్న స్టీలు స్కేలు ముక్క, అంచు తిన్నగా ఉన్నది, మూడు ఫ్రెట్ల మీద మాత్రమే ఆనేంత పొడవుంటే చాలు. దాన్ని ఒక్కో మూడేసి ఫ్రెట్ల మీద నిలబెట్టి అటూ ఇటూ వేలితో తట్టు. ఊగిందంటే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. అలాంటివి నెక్ మీద చాలా కనిపిస్తే సెటప్ సంగతి తర్వాత, ముందు ఫ్రెట్లు లెవెల్ చేయించాలి. ఆ పని మాత్రం ఇంట్లో ఆకురాయి పట్టుకుని మొదలుపెట్టొద్దు. అరగదీసిన ఫ్రెట్ మళ్ళీ పెరగదు.

ఉప్పుగాలి (కళింగపట్నం)

పనిముట్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఫీలర్ గేజ్ కోసం ఆన్‌లైన్‌లో గిటార్ పేరుతో అమ్మేది కొనక్కర్లేదు, బైకు స్పేర్ పార్టుల షాపులో అడుగు, మెకానిక్కులు టాపెట్ క్లియరెన్స్ చూసుకునేది అదే. ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. ట్రస్ రాడ్ తిప్పే అలెన్ కీలు మాత్రం జాగ్రత్త. కొన్ని గిటార్లకి అంగుళాల సైజు, కొన్నింటికి మిల్లీమీటర్ సైజు. అంగుళంలో ఎనిమిదో వంతు అంటే 3.175 మిల్లీమీటర్లు, అందులో 3 మిల్లీమీటర్ల కీ దూరుతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది, బలం పెట్టగానే లోపల మూలలు అరిగిపోతాయి. ట్రస్ రాడ్ తల అరిగిందంటే అప్పుడు నిజంగా పెద్ద ఖర్చు. కీ పెట్టాక వదులు లేకుండా పట్టేయాలి, కొంచెం ఊగినా ఆ కీ వాడకు.

మాది సముద్రం పక్కన. ఇక్కడ సాడిల్ మీదుండే చిన్న స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోతాయి, విజయనగరంలో ఇంత ఉండకపోవచ్చు గానీ సెకండ్ హ్యాండ్ గిటార్ ఎక్కడ తిరిగొచ్చిందో చెప్పలేం. తిప్పే ముందు కుట్టుమిషన్ నూనె అగ్గిపుల్ల కొనతో ఒక్క చుక్క పెట్టి, ఒక రాత్రి వదిలేయ్. ఫింగర్‌బోర్డ్ రోజ్‌వుడ్ అయితే తీగలు తీసినప్పుడు కొంచెం లెమన్ ఆయిల్ రాసి తుడువు, వార్నిష్ మెరుస్తున్న మేపుల్ అయితే రాయకు, పొడిగుడ్డ చాలు. వాయించాక తీగలు తుడవడం అలవాటు చేసుకుంటే మన చెమటకీ ఈ గాలికీ తీగలు ఇంకొన్నాళ్ళు బతుకుతాయి.

కోట_జంక్షన్ (విజయనగరం)

అందరికీ చాలా థ్యాంక్స్. బొబ్బిలి అన్న చెప్పిన స్కేలు పరీక్ష ముందు చేశాను, ఎక్కడా ఊగలేదు. ఆ ధైర్యంతోనే మిగతాది మొదలుపెట్టాను.

ప్లేట్ తీసి చూస్తే లోపల మూడే స్ప్రింగులు. బ్రిడ్జ్ వెనక అంచు కింద ఒకదాని మీద ఒకటి మూడు పిక్‌లు దూరేంత సందుంది. బిగించడం, ట్యూన్ చేయడం, మళ్ళీ బిగించడం, నాగావళి అన్న చెప్పినట్టు ఓపిక పరీక్షే. బార్ వాడను కాబట్టి పూర్తిగా ఆనించేశాను. అది అయ్యేసరికే ఎత్తు చాలా తగ్గింది, 12 దగ్గర షార్ప్ కూడా చాలావరకు పోయింది. నెక్ సందు కొలిస్తే అర మిల్లీమీటర్ దగ్గర ఉంది, రాడ్ కొంచెం కొంచెంగా బిగించి రాత్రి వదిలేసి పొద్దున చూస్తే ఇంకాస్త దిగింది. ఇప్పుడు పావు మీద నిలబడింది. 14, 15 దగ్గర బజ్ లేదు!

మిగిలినవి మూడు. లావు తీగ సాడిల్ చివరిదాకా వెనక్కి లాగినా ఇంకా షార్ప్‌గానే ఉంది, పైగా 12 పైన వాయిస్తే ఒకే స్వరం అలలు అలలుగా ఊగుతున్నట్టు వినిపిస్తోంది. ఎఫ్ కార్డ్, జి తీగ టిక్కు అలాగే ఉన్నాయి. ఇంకోటి, ఆంప్ ఆన్ చేస్తే హమ్ వస్తోంది, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది. ఇదీ సెటప్‌తో పోయేదేనా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

భలే చేశావు. రాత్రి వదిలేసి పొద్దున చూడటం మంచి పద్ధతి, చెక్క సర్దుకోవడానికి టైము పడుతుంది.

లావు తీగ అలలుగా ఊగడం పికప్ (తీగ కదలికని పట్టి ఆంప్‌కి పంపే భాగం) వల్ల. సింగిల్ కాయిల్ పికప్పుల్లో అయస్కాంతాలు తీగ కిందే ఉంటాయి, బ్రిడ్జ్‌నీ సాడిల్‌నీ కిందికి దించావు కదా, తీగ వాటికి మరీ దగ్గరైంది. అయస్కాంతం లాగుతుంటే తీగ స్వేచ్ఛగా ఆడదు, అప్పుడు ఇంటొనేషన్ ఎంత సర్దినా కుదరదు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి చూసుకుంటూ పికప్ రెండు చివరలా ఉన్న స్క్రూలు వదులుచేసి కిందికి దించు. తీగకీ పికప్‌కీ మధ్య సందు లావు తీగ వైపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు రెండు మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టు, ఆ తర్వాత చెవి చెప్పినట్టు చేయి. నెక్ దగ్గర పికప్ ముఖ్యం, ఎక్కువ లాగేది అదే. దించాక సాడిల్ మళ్ళీ మొదటి నుంచి చూసుకో.

హమ్‌కీ సెటప్‌కీ సంబంధం లేదు. తీగ ముట్టుకుంటే తగ్గుతోందంటే గిటార్ లోపల గ్రౌండ్ వైరు బాగానే ఉన్నట్టు. సింగిల్ కాయిల్‌కి కొంత హమ్ సహజం, చాలా స్ట్రాట్లలో పికప్పులు మార్చే సెలెక్టర్ రెండో, నాలుగో పొజిషన్‌లో పెడితే తగ్గుతుంది. కానీ ఇంట్లో ప్లగ్ పాయింటుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. రెండు పిన్నుల అడాప్టర్‌తో ఆంప్ నడుపుతుంటే ఈరోజే మానెయ్. ఇది శబ్దం గురించి మాత్రమే చెప్పడం లేదు. పండగ పందిళ్ళలో స్టేజీకి కరెంటు ఎక్కడెక్కడి నుంచో లాగుతారు, చేతిలో గిటార్ ఉండగా పెదవి మైకుకి తగిలితే జిల్లుమన్న సందర్భాలు మా వాళ్ళందరికీ తెలుసు. అలా ఏ కొంచెం అనిపించినా వాయించడం ఆపేసి సౌండ్ వాళ్ళ చేత సరిచేయించాకే మళ్ళీ ముట్టుకో. ఎవరేమనుకున్నా సరే.

ఇక నట్. ఇక్కడ మాత్రం నేను బొబ్బిలి అన్నగారి పక్షం. 3వ ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి 1వ ఫ్రెట్ మీద సందు చూడు. కాగితం దూరేంత సన్నగా కనబడాలి. బాగా సందుంటే నట్ గాడులు ఎత్తుగా ఉన్నట్టు, ఎఫ్ కార్డ్ నొప్పీ అపశ్రుతీ అక్కడివే. ఆ టిక్కు చప్పుడు 9 తీగకి కోసిన గాడిలో 10 తీగ ఇరుక్కోవడం వల్ల. ప్రస్తుతానికి పెన్సిల్ ములుకు గీకి ఆ పొడి గాడిలో వేస్తే కొంత జారుతుంది, అది తాత్కాలికమే. గాడి వెడల్పు చేయాలన్నా లోతు చేయాలన్నా ఒక్కో తీగ మందానికీ వేరే ఫైలు కావాలి, ఆ సెట్టు కొనే డబ్బుతో నట్ పని చాలాసార్లు చేయించుకోవచ్చు. వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే ఓపెన్ తీగ బజ్ కొడుతుంది, నట్ మార్చాల్సిందే.

కాబట్టి వైజాగ్ వెళ్ళు, కానీ సెటప్ అని అడగకు, నట్ గాడులు సరిచేయడానికి ఎంత అని అడుగు. వెళ్ళేముందు ఫోన్ చేసి నట్ ఫైళ్ళు ఉన్నాయా అని కనుక్కో, ఉన్నవాళ్ళకే ఇవ్వు. ఇకమీద కూడా 10 సెట్టే వాడతావా, మళ్ళీ 9కి వెళ్తావా అన్నది ఇప్పుడే తేల్చుకో, ఎందుకంటే 10కి వెడల్పు చేసిన గాడిలో 9 తీగ వదులుగా కూర్చుంటుంది. తేల్చుకున్నాక ఆ సెట్టే కొత్తది వేసి, ట్యూన్ చేసి, నువ్వు ఇప్పుడు కొలిచిన నెక్ సందు, 17వ ఫ్రెట్ ఎత్తు కాగితం మీద రాసి కేసులో పెట్టి పట్టుకెళ్ళు. తిరిగొచ్చాక ముందు ఆ రెండూ కొలిచి చూసుకో.